బేగంపేట సూక్ష్మదర్శిని నుండి నీలి లేసరు డిస్కు వరకు

సికిందరాబాదు నుండి ఫలక్‌నుమా వైపు పోవు లోకల్ రైలు సీతాఫల్‌మండిలో ఆగి, తరువాత ఆర్ట్సు కాలేజి స్టేషను చేరును. ఆ స్టేషను ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వాకిలి వంటిది. సీతాఫల్‌మండికి పడమరగా కొద్ది మైళ్ళ దూరమున బేగంపేట ఉన్నది. ఈ మూడు చోట్లను కలుపు సన్నని దారమొకటి కలదు. అది కటకము యొక్క చరిత్ర.

2000 ప్రాంతమున సీతాఫల్‌మండి వంటి పేటలలో జనులు సినిమాలను వి.సి.డి.లపై అద్దెకు తెచ్చుకొని చూచెడివారు. ఒక్కొక్క వి.సి.డి.పై 74 నిమిషముల చిత్రము పట్టును. కనుక రెండు గంటల సినిమాకు రెండు డిస్కులు, రెండున్నర గంటలకు మించిన సినిమాకు మూడు డిస్కులు కావలసి వచ్చెడివి. కథ మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు లేచి డిస్కు మార్చవలెను. కొద్ది సంవత్సరములకు డి.వి.డి. ఇంటింటికి వచ్చి, సినిమా యావత్తు ఒక్క డిస్కులో ఇమిడినది. ఆ పిమ్మట వచ్చిన బ్లూ-రే డిస్కుపై డి.వి.డి.కి అయిదు రెట్లకు పైగా సమాచారము పట్టినది.

ఈ మూడింటిని ప్రక్క ప్రక్కన ఉంచి చూడుడు. మూడింటి వ్యాసము 12 సెంటీమీటర్లే. మందము 1.2 మిల్లీమీటర్లే. మూడును పాలీకార్బనేటు ప్లాస్టిక్కుతో చేసినవే. మరి పెరిగినదేమి? ఈ ప్రశ్నను తరగతిలో అడిగినచో, “విజ్ఞానము పెరిగినది” అని విద్యార్థులు చెప్పుదురు. ఆ సమాధానము తప్పు కాదు గాని, దానివలన తెలిసినదేమియు లేదు. నిజమునకు మారినవి ముఖ్యముగా మూడే: వెలుతురు రంగు, కటకము వెలుతురును వంచు కోణము, వెలుతురు దాటిపోవలసిన ప్లాస్టిక్కు పొర మందము. ఈ మూడింటికి నడుమ జరిగిన బేరమే డిస్కు కటకముల చరిత్ర. ఆ బేరములో ఏదియు ఊరక రాలేదు. ప్రతి లాభమునకు ఎక్కడనో ఒకచోట మూల్యము చెల్లింపవలసి వచ్చినది.

బేగంపేటలో ఒక వేసవి

కథను బేగంపేట నుండి ప్రారంభింతము. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు బేగంపేట వైద్యశాలలోని చీకటి గదిలో కూర్చుండి, మలేరియా రోగిని కుట్టిన దోమ యొక్క జీర్ణకోశమును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండెను. వసారా చూరు క్రిందుగా వచ్చు కొద్దిపాటి వెలుతురే ఆధారము. పంకా వేసినచో కోసి ఉంచిన దోమలు ఎగిరిపోవును గనుక పంకా వేయనీయలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క అక్షికటకము పగిలి యుండెను. అట్టి పరికరముతో ఆయన జీర్ణకోశపు గోడలో సుమారు 12 మైక్రాన్ల వ్యాసము గల గుండ్రని కణమును చూచెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కటకమును జాగ్రత్తగా సవరించి చూడగా, ఆ కణములో అతి సూక్ష్మములైన నల్లని రేణువులు కనిపించినవి. అవి మలేరియా క్రిములలో ఉండు రేణువుల వంటివే. దోమకును మలేరియాకును గల సంబంధము ఆ రేణువుల వలన బయటపడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. ఆయన పేరు గల బేగంపేట భవనము తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనములోనికి వచ్చినది.

12 మైక్రాన్ల కణము మామూలు కటకమునకైన కనిపించును. కాని ఆ నల్లని రేణువులు కనిపింపక పోయినచో ఆ కణమునకు అర్థమే లేదు. రెండు రేణువులు రెండుగా కనిపించునా, లేక ఒకే మచ్చగా కలిసిపోవునా అనునదే ప్రశ్న. ఈ ప్రశ్నకు రాస్ కాలమునకు పాతిక సంవత్సరముల ముందే సమాధానము దొరికినది.

అబ్బే కనుగొనిన హద్దు

జర్మనీలోని యేనా పట్టణమున కార్ల్ జైస్ అను పనివాడు సూక్ష్మదర్శినులు తయారుచేయుచుండెను. ఆనాడు కటకములను అలవాటును బట్టి, పదిసార్లు అరుగదీసి, సరిపోయినదానిని ఉంచుకొనెడివారు. లెక్క కట్టి చేయుటకు వీలగునా అని జైస్ ఆలోచించి, 1866లో ఎర్నెస్ట్ అబ్బే అను భౌతిక శాస్త్రజ్ఞుని తోడు తెచ్చుకొనెను. 1873లో అబ్బే తన సిద్ధాంతమును ప్రకటించెను. దాని సారాంశమిది: కటకమును ఎంత చక్కగా అరుగదీసినను, అది చూడగల సూక్ష్మతకు ఒక హద్దు కలదు. ఆ హద్దు పనివాని లోపము కాదు. వెలుతురు తరంగము అగుటయే దానికి కారణము.

ఇది ఎట్లో చూతము. కటకము వెలుతురును ఒక బిందువుకు చేర్చినదనుకొందుము. పాఠ్యపుస్తకములోని బొమ్మలో గీతలన్నియు ఒక బిందువులో కలియును. వాస్తవముగా అక్కడ బిందువు ఉండదు. వివర్తనము వలన ఒక చిన్న వెలుగు మచ్చ, దాని చుట్టు పలుచని వలయములు ఏర్పడును. ఈ మచ్చ స్వరూపమును 1835లో ఇంగ్లండులో జార్జి ఎయిరీ గణితముచే కనుగొనెను. మచ్చ చిన్నది కావలెనన్నచో రెండే దారులు. ఒకటి, తరంగదైర్ఘ్యము తగ్గవలెను. రెండు, కటకము నుండి వచ్చు కాంతి శంఖువు వెడల్పు కావలెను. సన్నని శంఖువు మొద్దు మొనను, వెడల్పు శంఖువు వాడి మొనను ఇచ్చును. పెన్సిలు చెక్కుటకు ఇది సరిగా తలక్రిందులు!

శంఖువు వెడల్పును కొలుచు సంఖ్యను న్యూమరికల్ అపెర్చర్ అందురు. సులువు కొరకు దీనిని ఎన్.ఏ. అందము. శంఖువు అర్ధకోణము యొక్క సైనును, కటకమునకును వస్తువునకును నడుమ గల పదార్థపు వక్రీభవన గుణకముచే గుణించినచో ఎన్.ఏ. వచ్చును. తరంగదైర్ఘ్యమును ఎన్.ఏ.కు రెట్టింపుచే భాగించినచో కటకము విడదీసి చూపగల అతి చిన్న దూరము తెలియును.

గాలి యొక్క వక్రీభవన గుణకము 1. ఏ కోణపు సైనును 1కి మించదు. కాబట్టి గాలిలో పనిచేయు కటకపు ఎన్.ఏ. 1ని చేరజాలదు. ఈ గోడను దాటుటకు అబ్బే, జైస్ 1878లో కటకమునకును గాజుపలకకును నడుమ నూనె చుక్కను ఉంచు పద్ధతిని తెచ్చిరి. దేవదారు జాతి చెట్టు నుండి తీసిన నూనె యొక్క వక్రీభవన గుణకము సుమారు 1.515. ఇది గాజు గుణకమునకు దాదాపు సమానము. దీనితో ఎన్.ఏ. 1.3ను కూడ దాటినది. ఆకుపచ్చని వెలుతురుకు (550 నానోమీటర్లు) 1.3 ఎన్.ఏ. గల కటకము 0.21 మైక్రాను దూరమును విడదీయును. ఈ 0.21 అను సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల పని ఉన్నది.

మరియొక సంగతి కూడ ఈ కాలమునకు చెందినదే. సూక్ష్మదర్శినిలో వస్తువుపై పలుచని గాజుపలకను కప్పుదురు. ఆ పలక మందము మారినచో శంఖువు అంచున ఉన్న కిరణములు, నడిమి కిరణములు ఒకేచోట కలియవు. దీనిని గోళీయ విపథనము అందురు. ఎన్.ఏ. ఎక్కువగు కొలది ఈ దోషము త్వరత్వరగా పెరుగును. లండనులో ఆండ్రూ రాస్ అను కటకముల పనివాడు 1837లో దీనిని గుర్తించి, కటకపు భాగముల నడుమ దూరమును మార్చు త్రిప్పుడు పట్టీని కనిపెట్టెను. (ఈ రాస్ వేరు, బేగంపేట రాస్ వేరు.) కటకము తనంత తానుగా సంపూర్ణము కాదు. అది ఏ మందము గల గాజు గుండా చూడవలెనో ముందే నిశ్చయించుకొని తయారుచేయబడును. ఇదే డిస్కు కథకు తాళపుచెవి.

తలక్రిందులైన సూక్ష్మదర్శిని

సూక్ష్మదర్శిని చిన్న చోటి నుండి వెలుతురును గ్రహించును. అదే కటకములో వెలుతురును ఎదురు దిశలో పంపినచో, అది అంతే చిన్న చోటికి చేర్చును. అప్పుడు కటకము కన్ను కాదు, కలము. హాలెండులోని ఐండ్‌హోవెన్ పట్టణమున ఫిలిప్స్ సంస్థ పరిశోధనశాలలో క్లాస్ కంపాన్, పీట్ క్రామర్ అనువారు 1969లో ఈ దారిలో పని ప్రారంభించిరి. తిరుగు డిస్కుపై అతి సూక్ష్మమైన గుంటలుగా చిత్రములను అచ్చువేసి, లేసరు మచ్చతో వానిని చదువుట వారి ఆలోచన. 1978 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటా నగరమున ఇట్టి వీడియో డిస్కు అమ్మకమునకు వచ్చినది. దానిని చదువుటకు ఎర్రని హీలియము-నియాన్ లేసరును వాడిరి.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సంగీతపు డిస్కు, అనగా సి.డి., 1982 అక్టోబరులో జపానులో అమ్మకమునకు వచ్చినది. గాజుగొట్టపు లేసరు స్థానమున గోరంత అర్ధవాహక లేసరు చేరినది. దాని తరంగదైర్ఘ్యము 780 నానోమీటర్లు. కటకపు ఎన్.ఏ. 0.45. గుంటల వరుసల నడుమ దూరము 1.6 మైక్రాన్లు. లేసరు దాటవలసిన ప్లాస్టిక్కు పొర 1.2 మిల్లీమీటర్లు.

డిస్కుపై వ్రాయుటకు కూడ ఈ మచ్చయే సాధనము. ఒకసారి మాత్రమే వ్రాయదగు డిస్కులో రంగుపొర ఉండును. లేసరు వేడికి అది మారిపోవును. మరల మరల వ్రాయదగు డిస్కులో టెల్లూరియము మున్నగు మూలకముల మిశ్రమము ఉండును. దానిని కరగించి వెంటనే చల్లార్చినచో స్ఫటిక రూపము పోయి, అక్కడ వెలుతురు తిరిగివచ్చు తీరు మారును. మితముగా వేడిచేసినచో మరల స్ఫటికమగును, వ్రాత చెరిగిపోవును. మచ్చ వ్యాసము సగమైనచో వైశాల్యము నాలుగవ వంతగును. అదే లేసరు శక్తికి అక్కడ తీవ్రత నాలుగు రెట్లగును. కటకము మంచిదైన కొలది కలము మొన సన్నగిల్లుటయే కాదు, సిరా కూడ చిక్కబడునన్నమాట.

ఒక్క కటకముతో పని

సూక్ష్మదర్శినిలోని వస్తుకటకము ఒక్క గాజుబిళ్ళ కాదు. అందులో అనేకమైన బిళ్ళలు ఒకదాని దోషమును మరియొకటి సరిదిద్దుచు ఉండును. దానిని మేజాపై నిలిపి, మరను మెల్లగా త్రిప్పి చూతుము. డిస్కు సంగతి అట్లు కాదు. సి.డి.లో గుంటలు కటకము ముందు నుండి సెకనుకు 1.2 నుండి 1.4 మీటర్ల వేగముతో పరుగెత్తును. డిస్కు కొంచెము వంపు ఉన్నను, తిరుగునప్పుడు పైకి క్రిందికి ఊగును. కటకము తీగచుట్టల సాయముతో దానిని వెంబడించుచు, రెండు మైక్రాన్ల లోపల తన దూరమును నిలుపుకొనవలెను. బరువైన కటకమునకు ఈ పరుగు సాధ్యము కాదు. ఆటోలోనో, రైలులోనో పాట వినదలచినవాని సంగతి చెప్పనక్కరలేదు.

కావున ఒక్క బిళ్ళతోనే పని జరుగవలెను. గోళాకారపు ఉపరితలములు గల ఒక్క బిళ్ళ ఇది చేయజాలదు. గోళము కాని తగిన వంపు గల ఉపరితలము గోళీయ విపథనమును పోగొట్టునని ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు 1637లోనే గణితముచే చూపెను. కాని ఆ వంపును చేతితో అరుగదీయుట దుస్సాధ్యము. గోళాకారమే ఎందుకు సులభము? రెండు గాజు ముక్కలను ఎటుబడితే అటు రాపాడించినచో తమంత తామే గోళములుగా కుదురును. ఇతర ఆకారములు అట్లు కుదరవు. డెకార్టు లెక్క మూడు వందల సంవత్సరములకు పైగా ప్లాస్టిక్కు అచ్చుల కొరకు వేచియున్నది. 1980వ దశకములో వజ్రపు ములికితో లోహపు అచ్చును చెక్కి, అందు ప్లాస్టిక్కును పోసి కటకములను లక్షలుగా తీయు పద్ధతి వచ్చినది. అచ్చు ఒక్కసారి సరిగా చెక్కబడినచో, ప్రతి కటకమునకు ఆ కష్టము పడనక్కరలేదు.

ఇందులో రెండు ఉపరితలములకు రెండు పనులు ఉన్నవి. ఒక దాని వంపుచే గోళీయ విపథనము పోవును. రెండవ దాని వంపుచే అబ్బే చెప్పిన సైను నియమము నెరవేరును. ఈ నియమము నెరవేరనిచో, వెలుతురు కొంచెము ఏటవాలుగా వచ్చినను మచ్చకు తోకచుక్క వలె తోక మొలచును. ఈ దోషమునకు కోమా అని పేరు. సూక్ష్మదర్శినుల కొరకు కనుగొనిన నియమము ఈ విధముగా పాటలపెట్టెలోని చిన్న ప్లాస్టిక్కు బిళ్ళలో ప్రవేశించినది.

లాభనష్టముల పద్దు

1996 నవంబరులో జపానులో డి.వి.డి. వచ్చినది. లేసరు 650 నానోమీటర్ల ఎరుపు. ఎన్.ఏ. 0.60. వరుసల నడుమ దూరము 0.74 మైక్రాను. 2003లో సోనీ సంస్థ జపానులో మొదటి బ్లూ-రే యంత్రమును అమ్మెను. లేసరు 405 నానోమీటర్ల నీలి ఊదా. ఎన్.ఏ. 0.85. వరుసల దూరము 0.32 మైక్రాను. ఈ రంగు లేసరుకు గేలియం నైట్రైడు స్ఫటికము కావలెను. జపానులోని నిచియా సంస్థలో షూజీ నకమూర 1990వ దశకమున దీనిని సాధించెను. నీలి దీపములకు గాను 2014లో అకసాకి, అమానోలతో పాటు ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఇప్పుడు లెక్క వేయుదము. మచ్చ వైశాల్యము తరంగదైర్ఘ్యపు వర్గముతో పెరుగును, ఎన్.ఏ. వర్గముతో తగ్గును. డి.వి.డి. నుండి బ్లూ-రేకు వచ్చునప్పుడు రంగు మార్పు వలన లాభము 2.58 రెట్లు, కోణము వలన 2.01 రెట్లు. రెంటిని గుణించిన 5.2 రెట్లు. డి.వి.డి. ఒక్క పొరలో 4.7 గిగాబైట్లు, బ్లూ-రే ఒక్క పొరలో 25 గిగాబైట్లు పట్టును; నిష్పత్తి 5.3. లెక్కకును వాస్తవమునకును ఎంత దగ్గర సంబంధమో చూడుడు! సి.డి. నుండి డి.వి.డి.కి ఈ లెక్క అంత సరిపోదు. మచ్చ వలన 2.6 రెట్లే రాగా, సమాచారము ఏడు రెట్లు పెరిగినది. మిగిలిన లాభము వరుసలను మరింత బిగించుట వలనను, వ్రాత సంకేతములను మెరుగుపరచుట వలనను కలిగినది.

ఇక నష్టముల పద్దు. మొదటిది, మచ్చ స్పష్టముగా నిలుచు లోతు. ఇది తరంగదైర్ఘ్యమును ఎన్.ఏ. వర్గముచే భాగించినంత. సి.డి.కి సుమారు 3.9 మైక్రాన్లు, డి.వి.డి.కి 1.8, బ్లూ-రేకు 0.56 మాత్రమే. రెండవది, పైపొర మందములో తేడా వలన కలుగు గోళీయ విపథనము. ఇది ఎన్.ఏ. యొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. ఒకే తేడా సి.డి.లో చేయు చెరుపు కంటె బ్లూ-రేలో చేయు చెరుపు 24 రెట్లు ఎక్కువ. 1837లో ఆండ్రూ రాస్ ఎదుర్కొనిన చిక్కు ఇదియే.

మూడవది, డిస్కు వాలు వలన కలుగు కోమా. ఇది పొర మందముతోను, ఎన్.ఏ. యొక్క మూడవ ఘాతముతోను పెరుగును. ఇక్కడనే కటకపు నిపుణులు ఒక ఉపాయము పన్నిరి. కోణమును తగ్గింపలేము గనుక పొరను పలుచన చేసిరి. సి.డి.లో 1.2 మిల్లీమీటర్లు ఉన్నది డి.వి.డి.లో 0.6 అయినది, బ్లూ-రేలో 0.1 అయినది. లెక్క వేసినచో, వాలు వలన బ్లూ-రేలో కలుగు కోమా సి.డి.లో కలుగుదానికి దాదాపు సమానము. పొర 0.6 గానే ఉండి యుండినచో అది ఆరు రెట్లు ఎక్కువయ్యెడిది.

రెండు బాటలు

ఈ ఉపాయమును అందరును ఒప్పుకొనలేదు. పొర మందము మారినచో డి.వి.డి. కర్మాగారములలోని యంత్రములను మార్చవలెను. అందుచే తోషిబా మున్నగు సంస్థలు నీలి లేసరునే తీసికొని, పొరను 0.6 మిల్లీమీటర్లుగానే ఉంచి, ఎన్.ఏ.ను 0.65తో సరిపెట్టి, హెచ్.డి.-డి.వి.డి. అను డిస్కును తెచ్చిరి. దానికి ఒక్క పొరలో 15 గిగాబైట్లు పట్టినవి. పై సూత్రము ప్రకారము డి.వి.డి.కి మూడు రెట్లు, వాస్తవము 3.2 రెట్లు. తయారీ సులభము, సామర్థ్యము తక్కువ. బ్లూ-రేది సామర్థ్యము ఎక్కువ, తయారీ కష్టము. రెండు పక్షముల పోటీ 2008 ఫిబ్రవరిలో తోషిబా విరమించుకొనుటతో ముగిసినది. ఆ పోటీని వర్తకుల తగవుగానే పత్రికలు వ్రాసినవి. చిత్ర నిర్మాణ సంస్థల మొగ్గు, ధరలు దానిని తేల్చిన మాట నిజమే. కాని దాని మూలమున ఉన్నది ఒక కటకపు కోణము.

గెలిచినవారికి కూడ మూల్యము తప్పలేదు. సి.డి. పైపొరను తాకుచోట కాంతి శంఖువు అడ్డుకొలత సుమారు 0.7 మిల్లీమీటరు. ఒక ధూళికణము పడినను చాల వెలుతురు ప్రక్కనుండి దాటిపోవును. బ్లూ-రేలో ఆ అడ్డుకొలత 0.12 మిల్లీమీటరు మాత్రమే. వేలిముద్ర కూడ అడ్డమగును. మొదటి బ్లూ-రే డిస్కులను పెట్టెలో బిగించి అమ్మినది ఇందుకే. గీతలు పడని గట్టి పూత వచ్చిన పిదప గాని పెట్టె అవసరము తీరలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర శాఖలో పి. కె. మండల్ మున్నగువారు చేసిన పరిశోధనలు కూడ ఇట్టి బేరమునకే సంబంధించినవి. కటకపు ద్వారములో నడిమి చోటికి, అంచులకు వెలుతురును వేర్వేరు పాళ్ళలో పోనిచ్చినచో మచ్చ ఆకారము మారును. దీనిని ఎపొడైజేషన్ అందురు. అంచుల వద్ద వెలుతురును తగ్గించినచో చుట్టు వలయములు అణగును గాని నడిమి మచ్చ వెడల్పగును. నడుమ తగ్గించినచో మచ్చ సన్నబడును గాని వలయములు బలపడును. డిస్కులో బలమైన వలయము ప్రక్క వరుసను తాకి, అక్కడి వ్రాతను ఇక్కడి వ్రాతతో కలిపివేయును. సీతాఫల్‌మండి ప్రక్కనున్న విద్యాలయములోని గణితము, ఐండ్‌హోవెన్‌లోని గణితము ఒక్కటే.

తరగతిలో చేయదగు ప్రయోగము

పాత సి.డి., డి.వి.డి. ఉన్నచో ఈ విషయమును బడిలోనే చూపవచ్చును. అట్టముక్కకు రంధ్రము చేసి, దాని గుండా ఎర్రని లేసరు (650 నానోమీటర్లు) కిరణమును డిస్కుపై నిటారుగా పడనీయవలెను. అట్టకును డిస్కుకును దూరము 30 సెంటీమీటర్లు ఉంచుడు. డిస్కులోని వరుసలు కిరణమును విడదీసి ప్రక్కలకు పంపును. సి.డి. పెట్టినప్పుడు మొదటి చుక్క రంధ్రము నుండి సుమారు 13 సెంటీమీటర్ల దూరమున, డి.వి.డి. పెట్టినప్పుడు సుమారు 55 సెంటీమీటర్ల దూరమున పడును. ఈ దూరముల నుండి 1.6, 0.74 మైక్రాన్లను విద్యార్థులే లెక్కకట్టగలరు. బ్లూ-రే డిస్కు పెట్టినచో ప్రక్క చుక్క కనిపించదు. వరుసల దూరము లేసరు తరంగదైర్ఘ్యము కంటె తక్కువగుటయే కారణము. లేసరును గాని, డిస్కు నుండి తిరిగివచ్చు కిరణమును గాని కంటితో సూటిగా చూడరాదని ఉపాధ్యాయులు ముందే హెచ్చరింపవలెను.

మరల బేగంపేటకు

ఇప్పుడు మనము గుర్తుంచుకొనిన 0.21 మైక్రాను దగ్గరకు వత్తము. బ్లూ-రే కటకమునకు అదే సూత్రము వర్తింపజేసినచో 0.24 మైక్రాను వచ్చును. రాస్ కాలపు నూనె కటకములు చూపగలిగిన సూక్ష్మత, ఇంటి పెట్టెలోని చిన్న బిళ్ళ సాధించిన సూక్ష్మత దాదాపు ఒక్కటే! నూరు సంవత్సరములలో హద్దు కదలలేదు. కదలినది పని జరుగు తీరు. బేగంపేటలో ఒక వైద్యుడు చెమటోడ్చుచు మరను త్రిప్పి స్పష్టత తెచ్చుకొన్నాడు. బ్లూ-రేలో పరుగెత్తు డిస్కు వెంట కటకము తానే అర మైక్రాను లోపల సవరించుకొనుచుండును.

హద్దును దాటుటకు ప్రయత్నములు జరిగినవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మాన్స్‌ఫీల్డ్, కైనో అనువారు 1990లో నూనెకు బదులు అర్ధగోళపు గాజును వాడు పద్ధతిని ప్రకటించిరి. ఇది అబ్బే నూనెచుక్కకు గట్టి రూపము. దీనితో ఎన్.ఏ. 1ని దాటును. కాని గాజును డిస్కుకు అతి చేరువగా, మైక్రానులో పదవ వంతు కంటె తక్కువ ఎడముతో నడపవలెను. అట్టి డిస్కు అంగడికి రాలేదు. ఇంతలో ఇంటర్‌నెట్, చిప్పు నిల్వలు డిస్కును వెనుకకు నెట్టినవి. బ్లూ-రేను మొదట అమ్మిన సోనీయే, వ్రాయదగు బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపివేసినది.

ఈ చరిత్రలో మనకు స్వంతమైన సంగతి ఒకటి ఉన్నది. మన ఇండ్లలో, బడులలో పెళ్ళి వేడుకలు, పాఠములు, ముసలివారి మాటలు, పాటలు ఎన్నియో ఇట్టి డిస్కులపై వ్రాయబడి యున్నవి. పుస్తకమును చదువుటకు కన్ను చాలును. డిస్కును చదువుటకు దాని రంగు లేసరు, దాని ఎన్.ఏ., దాని పొర మందమునకు సరిగా చేసిన కటకము కావలెను. కటకమును తీసివేసినచో డిస్కు మెరయు బిళ్ళ మాత్రమే. వ్రాయదగు డిస్కులలోని రంగుపొర ఎండకు, వేడికి చెడుట ఒక ప్రమాదము. చదువు యంత్రము దొరకకుండుట మరియొకటి. అందుచే ప్రతి పాఠశాలలోను పాత డిస్కులను వెదకి తీసి, చదువగల యంత్రము పనిచేయుచుండగానే వానిలోని సమాచారమును వేరొక చోటికి ఎక్కించి, రెండు ప్రతులు ఉంచుకొనుట మంచిది. విద్యార్థులు ఈ పనిని ఒక సెలవులో చేయగలరు. ఆ పని చేయునప్పుడు యంత్రపు మూత తీయగా కనిపించు చిన్న బిళ్ళను ఒకసారి చూపుడు. చూచుటకు ముందు విద్యుత్తు తీగను తప్పక తీసివేయవలెను. మేనమామ పెళ్ళి వేడుకను, తాతగారి కంఠమును ఇన్నాళ్ళు చదివి వినిపించినది ఆ బిళ్ళయే.